బంగారం కాళ్ళకా!

మా అమ్మాయిని నైట్‌ని చేస్తున్నారని తెలియగానే ఈ పరాయి దేశంలో, పాయింట్ కుక్‌లోని మా వీధంతా వినపడేలా కేక పెట్టాను. యూనివర్సిటీలో చేరినప్పటి నుంచి అది పాతకాలపు యూరప్ వీరుల్లా ఇనప కవచం తొడుక్కుని కత్తులు తిప్పే క్లబ్బుకు వెళ్తోంది. ఇన్నాళ్ళూ ఒట్టి శిష్యురాలు. ఇక అసలు సిసలు వీరనారి, వాళ్ళ మాటలో నైట్!

ఆ తంతులో ముఖ్యమైన ఘట్టం మడమలకు స్పర్స్ కట్టడం. గుర్రాన్ని అదిలించే ముళ్ళవి. క్లబ్బులో గుర్రమే లేదు, అది వేరే సంగతి! శిష్యులకు వెండివి, నైట్‌కు బంగారు పూతవి. పరువు తక్కువ పని చేసిన నైట్ స్పర్స్‌ని పూర్వం వంటవాడి కత్తితో నరికించేవారట. కట్టే మనిషిని ఎవరికి వాళ్ళే ఎంచుకోవచ్చు. మా అమ్మాయి మా అమ్మను ఎంచుకుంది. అమ్మ మా దగ్గరే ఉంటుంది; ఒకప్పుడు తెనాలిలో తెలుగు టీచరు.

పెట్టె తెరిచి చూపించగానే అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"బంగారం కాళ్ళకా! లక్ష్మీదేవి కాదుటే! పట్టీలే వెండివి పెట్టుకుంటాం. వెండివి తెండి, కడతాను."

"సిల్వర్ ఈజ్ ఫర్ స్క్వైర్స్, అమ్మమ్మా! శిష్యులకి! ఐయామ్ డన్ విత్ దట్!"

నచ్చజెప్పబోయి మా అమ్మాయి ఇంకా చెడగొట్టింది. బంగారం కాళ్ళ దగ్గరుంటే దాని మీద ఆశ మనసులోకి ఎక్కదని ఆ వీరుల నమ్మకమట, ఆశను తొక్కేసినట్టట. "తొక్కుతారూ?" అని అమ్మ లేచి వెళ్ళిపోయింది. ఇద్దరి మొండితనమూ ఒకే అచ్చులో పోసింది! మధ్యలో నాకు ఒళ్ళు మండిపోయింది.

భోజనాల దగ్గర మా అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో అంది: "నువ్వు కట్టకపోతే ఐ వోంట్ డూ ఇట్. ఇంకెవరూ వద్దు." పప్పులో వేలు తిప్పుతూ, "స్టోరీ చెప్పింది నువ్వే కదా! కింగ్ ఆ కవిగారి కాలికి గోల్డ్ పెట్టాడు, హిమ్‌సెల్ఫ్! ఆ... గండుపెండేరం!"

"గండుపెండేరం ఏవిటే, గండుపిల్లిలాగా! గండపెండేరం!" అమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "అవునే... అదీ బంగారమే. కాలికే."

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో!

ఆ శనివారం తంతు జరిగే పార్కులో ఒకటే ఈదురుగాలి. అమ్మ పట్టుచీర మీద నా పఫర్ జాకెట్, కాళ్ళకు రన్నింగ్ షూస్. కుర్చీ వేస్తానంటే వద్దని గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. స్పర్స్ రెండూ కళ్ళకద్దుకుని, మనవరాలి ఇనప కవచపు కాళ్ళకు తోలు పట్టీలు బిగించింది.

క్లబ్బు పెద్దాయన సరదా పడి, మీ భాషలో వీటినేమంటారని ఇంగ్లీషులో అడిగాడు. ఇంట్లో ముక్క తెలుగు మాట్లాడాలంటే నసిగే మా అమ్మాయి తలెత్తి, మైదానమంతా వినపడేలా అంది:

"గండపెండేరం!"

నా భుజం పట్టుకుని లేస్తున్న అమ్మ మధ్యలోనే ఆగింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, క్లాసులో చెప్పినట్టు గట్టిగా చెప్పింది:

"పదికి పది!"