బొట్టు కింద ముల్లు

మా బావ ఉత్తరాలు తంతి వార్తల్లా ఉంటాయి. ఈసారి కూడా అంతే. "కారు కొన్న. ముందట అయిదు గడియారాలున్నయి, ఒక్కటీ టైము చూపదు. అన్నీ ఇంగ్లీషు. సుశీలకు తొమ్మిదో నెల. నువ్వొచ్చి చదివి చెప్పు."

గడియారాల దగ్గర నవ్వాను గాని ఆ తరువాతి మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. సుశీల నా ఒక్కగానొక్క చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక దానికి పుట్టిల్లంటే నేనే. రెండేళ్ళ కిందట మొదటి కాన్పుకు ఎడ్లబండిలో బయలుదేరి, బాన్సువాడ దాటకముందే బిడ్డను పోగొట్టుకుంది. లేడీ డాక్టరు ఉన్నది నిజామాబాదులో. ఎడ్లు ఎంత పరుగెత్తినా ఎడ్లే కదా. ఆ దుఃఖంతోనే బావ రాంరెడ్డి ఈ కారు కొన్నాడు. బోధన్ నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఇంజనీరు అమ్మితే తీసుకున్నాడట.

నేను హైదరాబాదులో బడిపంతుల్ని. ఇంగ్లీషు చదవడం వచ్చు గాని, కారంటే వానాకాలంలో నా ధోవతి మీద బురద చిమ్మిపోయే వస్తువని తప్ప ఇంకేమీ తెలియదు. సిగ్గు విడిచి నాంపల్లిలో ఒక మోటారు మిస్త్రీ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన ఓపికగా అన్నీ చెప్పి, చివరికి ఒక్క మాట గట్టిగా చెప్పాడు: "మిగిలిన ముళ్ళు ఎట్లున్నా బండి పోతది పంతులూ. నూనె ముల్లు పడిపోతే మాత్రం అడుగు కదలొద్దు. ఇంజను పట్టేసిందంటే అది బండి కాదు, ఇనుప పెట్టె."

పొద్దున్నే కాచిగూడలో రైలెక్కాను. మూడో తరగతి డబ్బాలో కిటికీ పక్కన చోటు దొరకాలంటే అరగంట ముందే వెళ్ళాలి; నేను గంట ముందు వెళ్ళి కూడా తలుపు దగ్గరే కూర్చున్నాను, నా జాతకం అలాంటిది. కామారెడ్డిలో పదిన్నర దాటింది. అక్కడ వేరుసెనక్కాయలు మంచివి, టీ మాత్రం తాగవద్దు. నిజామాబాదులో దిగేసరికి పన్నెండున్నర. స్టేషను ఎదుట ఒక బ్రాహ్మణ హోటలులో అన్నం, పప్పుచారు, పెరుగు. పెరుగు బాగుంది.

రెండు గంటల బస్సు మూడుకు కదిలింది. డ్రైవరు పక్కన సీటు అడిగి మరీ కూర్చున్నాను, నేర్చుకున్న చదువు ఒకసారి పరీక్షించుకుందామని. చూస్తే ఆ బస్సులో ముళ్ళన్నీ పడుకుని ఉన్నాయి, బండి మాత్రం పోతూనే ఉంది. ఇదేమిటని అడిగితే డ్రైవరు నా వైపు జాలిగా చూశాడు. "నేను నౌకరీల చేరకముందే చచ్చినయి సాబ్ అవి. చెవులున్నయి గద, చాలు." వెనక సీటులో నస్రుల్లాబాదు రైతు ఒకాయన, ఒడిలో బెల్లం దిమ్మ పెట్టుకుని, డ్రైవరు ఖాసిం చెవులు మంచివే గాని ఎవరైనా ఎక్కుతామని పిలిస్తే మాత్రం వినబడవని అన్నాడు. బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు.

అయిదున్నరకు బాన్సువాడ. బావ కారు తెచ్చుకుని నా కోసం నిలబడి ఉన్నాడు. నల్లటి కారు, పాతదే గాని తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. ముందు సీటులో కూర్చుని ఆ అయిదు గడియారాల వైపు చూశాను. అయిదింటి అద్దాల మీదా నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఒట్టి కుంకుమ కాదు, నేతిలో తడిపి పెట్టింది. ఎండకు గట్టిపడి అద్దానికి అతుక్కుపోయింది.

ఏమిటిదని అడిగితే, బండి ఇంటికి వచ్చిననాడు అవ్వ పూజ చేసిందని బావ చెప్పాడు. అవ్వంటే వాళ్ళమ్మ, మా చెల్లెలి అత్తగారు రాజవ్వ. అయిదు గుండ్రటి ముఖాలు వరసగా కనబడేసరికి అయిదుగురు ముత్తయిదువలు కూర్చున్నట్టే ఉందని సంబరపడి, పేరంటంలో పెట్టినట్టు అందరికీ బొట్టు పెట్టిందట. నాకు ఒళ్ళు మండింది. తుడిచేద్దామని జేబురుమాలు తీశాను. బావ నా చేయి పట్టుకున్నాడు. "వద్దు బావా. అవ్వ మొక్కుకుంది. సుశీల బిడ్డతోని ఇల్లు చేరేదాక ఆ బొట్లు తుడువొద్దట."

బీర్కూరు దాటి ఊరు చేరేసరికి దీపాలు పెట్టారు. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఆ దారంతా చెరకే. గానుగల వాసన ఊరి దాకా వచ్చింది. సుశీల గుమ్మంలో నిలబడి ఉంది. పొట్ట మీద ఒక చేయి, ద్వారబంధం మీద ఒక చేయి. "అన్నా" అంది. చిక్కిపోయింది.

మర్నాడు ఎనిమిది గంటలకు పాఠం మొదలు పెట్టాను. నాలాగే ఏమీ తెలియనివారి కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. పెద్ద ముఖం మైళ్ళది. దాని పక్కది పెట్రోలుది. మూడోది కరెంటుది, ముల్లు నడిమధ్య నుంచి కుడికి పోతే బ్యాటరీ నిండుతున్నట్టు, ఎడమకు పోతే ఖాళీ అవుతున్నట్టు. నాలుగోది నీళ్ళ వేడి. అయిదోది, అన్నిటికంటె చిన్నది, నూనెది. ఇంజను ఆగి ఉంటే నూనె ముల్లు సున్నా మీదే ఉంటుంది, దాన్ని చూసి బెంబేలు పడకూడదు. నడుస్తుండగా లేచి నిలబడాలి. లేవకపోతే ఆపాలి. అంతే శాస్త్రం. బావ అన్నీ పలక మీద బొమ్మ వేసుకుని రాసుకున్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, పెద్ద ముఖాల్లో బొట్టు దాటి ముల్లు కొస కాస్త కనబడుతుంది. నూనెది చిన్నది కావడంతో మొత్తం బొట్టు కిందే పోయింది. అన్నిటిలోకి చూడవలసిందే కనబడదు.

రాజవ్వతో నేనే మాట్లాడాను. ఆమె వాకిట్లో మినుములు చెరుగుతోంది. నూనె ముల్లు సంగతి, అది అబద్ధం చెప్పదన్న సంగతి, మిస్త్రీ మాట, ఇనుప పెట్టె, అన్నీ చెప్పాను. చాట ఆపకుండా విన్నది. నిండు నెలల మనిషి ఎక్కే బండిలో ముత్తయిదువ ముఖాన బొట్టు తుడవమని ఎట్లా అడుగుతున్నావని తిరిగి అడిగింది. కోపంగా కాదు, భయంగా. నేను గొంతు పెంచాను. బడిపిల్లల మీద అలవాటైన గొంతు. ఆమె చాట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సుశీల తలుపు చాటు నుంచి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"అత్తమ్మను ఏమనకు అన్నా," అంది తరువాత. "మొదటి కాన్పు నాటి సంది సరిగ తిండి తింటలేదు ఆమె."

ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం వరకూ నేను రాజవ్వ ముఖం చూడలేకపోయాను.

మూడో రోజు తొమ్మిది గంటలకు సుశీలకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా పది రోజులుందని అనుకున్నాం. విచిత్రం ఏమిటంటే, "నొప్పి" అని సుశీల ఒక్కసారి అనగానే అందరికంటె ముందు కారెక్కి కూర్చున్నది రాజవ్వే. సర్దుకోవడానికి కూడా ఆగనివ్వలేదు. సుశీల మామగారు గానుగ దగ్గర నుంచి పరుగెత్తి వచ్చేసరికి కారు కదిలింది. వెనక సీటులో అత్త ఒడిలో కోడలి తల. ముందు బావ, నేను.

బాన్సువాడ ఇంకా రాలేదు. ముందుసారి ఏ మలుపులో బండి ఆగిందో బావకు తెలుసు. ఆ మలుపు వచ్చినప్పుడు అతను పక్కకు చూడలేదు. బాన్సువాడ పదింటికి దాటాం. కంకర రోడ్డు. గోతుల్లో కారు అడుగు తగిలినప్పుడల్లా సుశీల పళ్ళు బిగపట్టేది. నస్రుల్లాబాదు దాటిన కాసేపటికి నాకు మాడు వాసన వచ్చింది. ఇంజనులో టకటకమని కొత్త చప్పుడు. వేడి ముల్లు కొస బొట్టు అంచు దాటి పైకి పాకుతోంది.

నూనె ఉంటే ఆపడం తప్పు, ఒక్కొక్క నిమిషం సుశీలకు ఖరీదు. నూనె లేకపోతే పోవడం తప్పు, ఇంజను పట్టేస్తే నడిరోడ్డు మీద మళ్ళీ ఎడ్లబండి వెతుక్కోవాలి. ఏది నిజమో ఆ బొట్టు కింద ఉంది. బావతో బండి పక్కకు తీసి నిలపమన్నాను, ఇంజను మాత్రం ఆపవద్దన్నాను, ఆపితే ముల్లు ఎట్లాగూ పడిపోతుంది, ఏమీ తెలియదు. బావ ఆపాడు. స్టీరింగు పట్టుకుని తల్లి వైపు తిరిగాడు గాని అడగలేకపోయాడు. నేను కూడా జేబురుమాలు తీయలేదు.

సుశీల మూలిగింది. దాని నుదుటి మీద బొట్టు చెమటకు కరిగి కనుబొమల మీదికి జారి ఎప్పుడో పోయింది.

రాజవ్వ కోడలి తలను మెల్లగా సీటు మీద ఆనించి కిందికి దిగింది. ముందు తలుపు తీసి, నన్ను జరగమని, చెంబులో నీళ్ళతో వేలు తడిపింది. నూనె ముఖం మీద ఆ వేలు గుండ్రంగా తిప్పింది. నెయ్యి పట్టిన కుంకుమ ఊరికే రాలేదు. గోటితో గీరింది, మళ్ళీ తడిపింది. వేలికి వచ్చిన ఎర్రదనం ఒక్క రవ్వ కూడా కింద పడనీయలేదు. వెనక్కి వెళ్ళి, దాన్ని సుశీల నుదుటి మీద పెట్టింది.

"తుడువలే," అంది, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "తీస్కపోయి గీడ పెట్టిన. గంతే."

నూనె ముఖం అద్దంలోకి చూశాను. ముల్లు సున్నాను ఆనుకుని వణుకుతోంది. ఇంజను ఆపమని అరిచాను. బావ ఆపాడు.

దిగి చూస్తే వెనక రోడ్డు మీద సన్నటి నల్లటి గీత, మేము వచ్చిన దారంతా. అడుగున నూనె దింపే నట్టు గోతుల దెబ్బకు వదులైంది. తెల్లటి ధోవతితోనే బావ కారు కిందికి దూరి పానాతో బిగించాడు. ఇంజనీరు ఇచ్చిపోయిన నూనె డబ్బా డిక్కీలో ఉండబట్టి బతికాం; అంతా పోశాం. పావుగంట పట్టింది. ఆ పావుగంటా రాజవ్వ కోడలి వీపు రాస్తూ, ఎంత నొప్పి, ఎక్కడ నొప్పి అని మాటిమాటికీ అడుగుతూనే ఉంది. బావ ఇంజను వేశాడు. ముల్లు మొదట కదలలేదు. తరువాత నిద్ర లేచినట్టు లేచి ముప్పై దగ్గర నిలబడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక ముల్లును చూసి ఏడ్చిన పంతుల్ని నేనే అయి ఉంటాను.

పన్నెండు దాటాక నిజామాబాదు దవాఖాన. రెండున్నరకు ఆడపిల్ల. డాక్టరమ్మ బయటికి వచ్చి తల్లీబిడ్డా క్షేమమని చెప్పింది. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని కూడా అంది. బావ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు, ధోవతి నిండా నల్లటి నూనెతో.

సెలవు పొడిగించుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాను. దవాఖాన ఎదుట సత్రంలో గది దొరికింది. నల్లులున్నాయి గాని నీళ్ళు బాగున్నాయి. పన్నెండో రోజు పొద్దున అందరం కారెక్కాం. నన్ను స్టేషనులో దింపి వాళ్ళు ఊరికి పోవాలి. ముందు సీటులో తనే కూర్చుంటానని రాజవ్వ పట్టుబట్టింది. నేను వెనక సుశీల పక్కన, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బావ ఇంజను వేసి గేరు మార్చబోతే రాజవ్వ అతని చేయి మీద చేయి పెట్టి ఆపింది. వంగి ఆ చిన్న ముఖంలోకి చూసింది. ముల్లు లేచేదాకా చూసింది.

"ఇది అబద్ధం చెప్పదంటివి గద కొడుకా," అంది నాతో, వెనక్కి తిరగకుండానే. "ఆనాడు పొద్దున్నే పిల్ల నొప్పి అన్నది. మొదటి కాన్పు గద, పొద్దు గూకేదాక ఏం కాదంటి. బండి కట్టనియ్యలే. నా కోడలు కూడ అబద్ధం చెప్పలే. నేనే ఇనలే."

రెండేళ్ళలో సుశీల ఈ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ముందుకు వంగి అత్తగారి భుజం మీద చేయి వేసింది. స్టేషను వచ్చేదాకా ఆ చేయి తీయలేదు.

పదకొండు గంటల రైలు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన చోటు దొరికింది. కామారెడ్డిలో మళ్ళీ వేరుసెనక్కాయలు కొన్నాను, బుద్ధి లేక టీ కూడా తాగాను. బాన్సువాడ వైపు పోయేవారికి నేను చెప్పగలిగింది తక్కువే: బస్సు గంట ఆలస్యం, దారి గతుకులు, మనుషులు మంచివాళ్ళు. కారున్నవారు ఇంజను నడుస్తుండగా ముల్లు చూసుకోవాలి.

నాకు మాత్రం కళ్ళ ముందు స్టేషను బయట చూసిందే ఉండిపోయింది. నేను సంచి దింపుకుంటుంటే, నాలుగు ముఖాల మీద నాలుగు బొట్లూ అలాగే ఉన్నాయి. అయిదోదాన్ని, ఇల్లు చేరేదాకా తుడవవద్దని మొక్కుకున్న మనిషి, తన కొంగుతో మరొక్కసారి శుభ్రంగా తుడుస్తోంది.