నేను బయటికి పోయాక కుదిరిన పాఠం

ఆ రోజుల్లో నాకు ఒక్క విషయంలో సందేహం ఉండేది కాదు: నలుగురు కూడిన చోట చెప్పేవాడు ఒకడుండాలి, ఆ ఒకడు మా ఇంటివాడై ఉండాలి. ఎల్లారెడ్డి దగ్గర, దొరలైన మా తాతలు కట్టిన గడీకి అప్పటికే పైకప్పు లేదు, భూములూ లేవు. తత్వశాస్త్రం చదివి ఖాళీగా ఉన్న నన్ను కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్లు డెమో క్లాసుకు పిలిచారు. అది తప్పితే, ఒకప్పుడు మా గడీలో జీతగాడిగా ఉన్న మనిషి కొడుకు పెట్టిన రైస్ మిల్లులో గుమాస్తాగా చేరాలి. (ఆయన మర్యాదగానే అడిగాడు. అదే నాకు మరీ కష్టంగా తోచింది.) బస్సెక్కేముందు అమ్మ, "దొరతనం ఇంట్ల పెట్టి పో బిడ్డా, ఆడ నౌకరి అడగనీకి పోతున్నవ్" అన్నది. నేను ఇస్త్రీ నలగకుండా నిలబడే ప్రయాణం చేశాను.

నా పాఠం 'ఆవిర్భావం'. విడివిడి భాగాల్లో లేని గుణం అవన్నీ కలిసినప్పుడు పుట్టుకురావడం. ఒక్క నీటి అణువుకు తడి లేదు, లెక్కలేనన్ని చేరితే తడి. ఏ చీమకూ పుట్ట నమూనా తెలియదు, అయినా పుట్ట లేస్తుంది. మెదడులో ఏ ఒక్క కణమూ ఆలోచించదు, మనిషి ఆలోచిస్తాడు. (నా విషయంలో ఆ రోజు అదీ అనుమానమే.) అంతటితో ఆపితే బాగుండేది. "ఎవరూ చెప్పకుండా అందరూ చప్పట్లు కొట్టండి, తాళం దానంతటదే పుడుతుంది" అన్నాను. అని, డస్టరుతో బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టాను. "ముందు బెంచీ, నెమ్మది. వెనకవాళ్లు నన్ను చూడండి." రేకుల మీద రాళ్లవాన పడ్డట్టుంది క్లాసు. ముందు వరుసలో ఒకమ్మాయి, "ఎవ్వరు చెప్పొద్దన్నరు గద సార్, మరి మీరేంది చెప్తున్నరు?" అంది. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ గోళ్లు చూసుకుంటున్నాడు. మంచినీళ్లని చెప్పి బయటపడ్డాను. వరండాలో గ్లాసు పట్టుకుని, మిల్లులో నా కుర్చీ ఎటువైపు వేస్తారో ఊహిస్తున్నాను.

అప్పుడు లోపల చప్పుడు మారింది. చిందరవందర చప్పట్లలో రెండు కలిశాయి, పది కలిశాయి, కాసేపటికి గదంతా ఒకే చెయ్యి. అచ్చం బతుకమ్మ చుట్టూ కొట్టే తాళం. ఎవరు మొదలుపెట్టారని తరవాత అడిగితే ఎవరికీ తెలియలేదు. ప్రిన్సిపాల్ బయటికొచ్చాడు.

"మంచి ఉపాయం చేసినవయ్యా. పెద్దమనిషి లేకుంటేనే కుదురుతదని చూపిచ్చినవ్."

ఊరుకొమ్మని రైస్ మిల్లు చెప్పింది. ఊరుకుంటే నేను మా తాత మనవణ్ని కాను. "ఉపాయం కాదు సార్. బస్టాండుకు పోదామనుకున్న."

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏదైతేంది, పాఠమైతే అయింది గద. సోమారం నుంచి రా. క్లాసుల జర తక్కువ నిలబడు."

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. ముగ్గురి సీట్లో కూర్చున్న ఒక అవ్వ, "జరుగుతం గని కూసో బిడ్డా" అంది. ఎన్నడూ లేనిది, నాలుగోవాడిగా సగం సీటు మీద కూర్చున్నాను. తాడ్వాయి దాటేసరికి కుదుపులకు నలుగురం ఒకే తీరుగా ఊగుతున్నాం. ఇస్త్రీ పూర్తిగా పోయిన చొక్కాతో, తనలో తానే నవ్వుకుంటున్న ఆనాటి ఆ కుర్రవాణ్ని ఇప్పుడు తలచుకుంటే, వాడు ఇంకొంచెం ముందే కూర్చుని ఉండాల్సిందనిపిస్తుంది.