గ్రౌండులో మంద నిలిపిన శనివారం

శనివారం పొద్దున బడి గేటు తాళం తీసేటప్పుడు నాకు గొర్రెల వాసన వస్తుంది. లోపల గొర్రెలు ఉండవు. కబడ్డీ కోర్టు ఉంటుంది, రెండు వేపచెట్లు ఉంటాయి, ఎండ ఉంటుంది. నాతోపాటు వచ్చే ఆయమ్మను అడిగాను, ఆమెకేమీ రావడం లేదంది. మూడేళ్ళుగా ఇంతే.

నేను మరచిపోయే మనిషిని కాను. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, అంటున్నప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నారో చెప్పగలను. అవన్నీ మరచిపొమ్మని సలహా ఇచ్చినవాళ్ళు కూడా నాకు గుర్తున్నారు. ఈ అలవాటు మా నాయనతో మొదలైంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు కబడ్డీ జట్టులోకి తీసుకున్నారు. ఆ వారంలోనే ఆయన మా బడికి వచ్చాడు. అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేను కూతకు వెళ్ళి ఇద్దరిని తాకి తిరిగి వస్తున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా మీదికి విసిరాడు.

"కాళ్ళు కప్పుకో. ఇంటికి పోదాం పా."

అందరూ చూస్తుండగా నిక్కరు మీద తువ్వాలు చుట్టుకుని ఆయన సైకిలు వెనక నడిచాను. ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆ సంగతి అడిగాను. "ఏం తువ్వాలు?" అన్నాడు. ఆయనకు గుర్తు లేకపోవడం నన్ను తువ్వాలు కంటే ఎక్కువ బాధించింది.

పంతం పట్టి ఆటల టీచరునయ్యాను. కుందుర్పి దాటి సరిహద్దు వైపు పోయే దారిలో ఒక ఊరి హైస్కూలుకు వేశారు. మా హెడ్మాస్టరు నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. "ఈమె పిల్లల్ని పరిగెత్తిస్తుంటుంది" అంటాడు. మిగతావాళ్ళను మాత్రం లెక్కల సార్, సైన్సు మేడం అంటాడు. పరీక్షలు దగ్గర పడితే ముందు పోయేది నా పీరియడే. గ్రౌండు గరుసు నేల. పడితే మోకాలు చీరుకుపోతుంది. ఎనిమిదో తరగతి దాటగానే ఆడపిల్లలు ఒక్కొక్కరే ఆట మానేసేవాళ్ళు. తల్లుల్ని అడిగితే అందరిదీ ఒకే మాట. "మాదేముంది మేడం, వాళ్ళ నాయన వద్దంటాండాడు."

అందుకే నాయనల్నే పట్టుకున్నాను. మీటింగు పెట్టి ఉపన్యాసం చెబితే వాళ్ళు రారు. వచ్చినా బీడీ కోసం బయటికి పోతారు. పని చెబితే వస్తారు. ప్రతి శనివారం ఇద్దరు ముగ్గురు నాయనలు వచ్చి గ్రౌండుకు చాకిరీ చేయాలన్నాను. ఒకరు రాళ్ళు ఏరాలి, ఒకరు నీళ్ళు చల్లాలి, ఒకరు సున్నంతో గీతలు గీయాలి. నేల చదును చేయడం, గట్టు వేయడం వాళ్ళకు చేతనైన పని. చెయ్యి పెట్టిన నేల మీద ఏం జరుగుతుందో చూడకుండా రైతు ఇంటికి పోడు. రెండు నెలలు గడిచేసరికి గోడ పక్కన వరుసగా కూర్చుని పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"మేడం, మా పాప కాలు గీతకు తగల్లే. నేను చూస్తాండా కదా!"

"నువ్వు చూసేది నీ పాపను కదప్పా, గీతను యాడ చూస్తివి?"

"గీత గీసింది ఎవురు మామా? నా గీత నాకు తెలీదా?"

గీత తనదన్న ఆ శెనక్కాయ రైతే, ఆరు నెలల ముందు తన కూతురు నిక్కరు వేసుకుంటే బడి మాన్పిస్తానని నా ముఖం మీద చెప్పినవాడు. అది కూడా నాకు గుర్తుంది.

ఆ ఉత్సాహంలో ఒక రూలు పెట్టాను. కనీసం ఒక్క శనివారం నాయన గ్రౌండుకు వచ్చి పనిచేసి, ఫారం మీద సంతకం పెట్టకపోతే, ఆ పాప పేరు అనంతపురంలో జరిగే సెలక్షన్లకు పంపను.

నా జట్టులో అందరికంటే బాగా ఆడే పిల్ల తొమ్మిదో తరగతి. గొర్రెల కాపరి కూతురు. సన్నటి పిల్ల, చేతులు పొడుగు. ఆమె కూతకు వెళ్తే ఊపిరి తెగేది కాదు. చిన్నప్పటి నుంచి మందను అదిలించిన గొంతు అది. జిల్లా జట్టులో చోటు దొరికితే ఆటల హాస్టలుకు పోవచ్చని ఆమెకు నేనే చెప్పాను. ఆ రోజు నుంచి ఆమెకు హాస్టలు తప్ప ఇంకో మాట లేదు. అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. నాయన కోతలయ్యాక మందతో బళ్ళారి పక్కకు పోయి, వానలు పడ్డాకనే తిరిగి వచ్చేవాడు.

సెలక్షన్లు దగ్గర పడ్డాయి. శెనక్కాయ రైతు అడగనే అడిగాడు.

"మా పాపకొక రూలు, గొర్రెలోళ్ళ పాపకొక రూలా మేడం?"

"రూలు అందరికీ ఒకటే" అన్నాను. ఆ పిల్లను పిలిచి నాయన్ని రమ్మని చెప్పమన్నాను.

"మంద ఇడిసి ఎట్ల వస్తాడు మేడం?"

"అది నాకు తెలీదు. రావాలి."

"వచ్చి ఏం చేయల్ల?"

"తనకు చేతనైంది గ్రౌండుకు చేస్తే చాలు. సంతకం పెట్టి పోవచ్చు."

ఆయన మందను ఎవరికీ అప్పగించలేదు. మందతో సహా వెనక్కి తిరిగి, నాలుగు రోజులు నడిచి శుక్రవారం పొద్దుగూకే వేళకు ఊరికి చేరాడు. నాకు తెలియదు. నేను మధ్యాహ్నమే ఇంటికి పోయాను. గేటుకు అప్పట్లో తాళం ఉండేది కాదు. మరుసటి రోజు మా శనివారాన్ని చూడడానికి పై అధికారి వస్తున్నాడు. కోర్టు చదును చేయించి, కొత్త సున్నంతో గీతలు గీయించి, ఇస్త్రీ చీర సిద్ధం చేసుకుని పడుకున్నాను.

పొద్దున వచ్చి చూస్తే కోర్టు లేదు. సగం మేర చుట్టూ వల కట్టి ఉంది. లోపల రాత్రంతా మంద పడుకున్న నేల. గీతలన్నీ గిట్టల కింద పోయాయి. నేలంతా పెంటికలు, తడి, వాసన. గొర్రెలు వేపచెట్ల కింద నిలబడి నన్ను చూస్తున్నాయి. ఆయన వల చుట్టుకుంటూ నవ్వుముఖంతో ఎదురొచ్చాడు. నాయనలందరూ గోడ దగ్గర ఉన్నారు. హెడ్మాస్టరు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని వరండాలో నిలబడి, "బాగుందమ్మా, బాగుంది" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను ఏం అన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇది గొర్రెల దొడ్డి అనుకున్నావా? ఆటంటే తెలుసా నీకు? మనిషిని రమ్మంటే మందను తోలుకొస్తావా? నీకూ వాటికీ తేడా లేదా?"

నాయనలు నవ్వారు. ఒకడు గొర్రెలాగా అరిచాడు. ఇంకా నవ్వారు.

ఆయన నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది, తీయడం మరచినట్టు. "పిల్లోళ్ళు పడితే దెబ్బ తగలకుండా మెత్తగా ఉంటాదని తల్లీ... గరుసు నేల కదా" అన్నాడు. తర్వాత, "సంతకం యాడ పెట్టల్ల?" అన్నాడు.

"ముందు శుభ్రం చెయ్" అన్నాను.

తండ్రీ కూతురూ గంటసేపు చీపురూ గంపా పట్టుకుని ఎత్తిపోశారు. జట్టులో ఇంకెవరూ సాయం పోలేదు. నేను పొమ్మనలేదు. అధికారి వచ్చాడు. నేను ఆయన వెంట తిరుగుతున్నాను. గొర్రెల కాపరి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, సంతకం కోసం. కనబడుతూనే ఉన్నాడు. నేను అటు చూడలేదు. చూడకూడదనే చూడలేదు. గొర్రెలకు దప్పికైనట్టుంది, కాసేపటికి మంద కదిలింది. మళ్ళీ తల తిప్పేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

సోమవారం శెనక్కాయ రైతు నన్ను దారిలో ఆపాడు.

"నవ్వితిమి గానీ మేడం, అది తప్పు. ఆయప్ప మా చేన్లో ఒక్క రాత్రి మంద నిలపల్లంటే ఎంతమంది ఎనకాల నిలబడల్ల! రాగులిస్తాం, వడ్లిస్తాం, అయినా ఖాళీ లేదంటాడు. మందెరువు పడితే మూడు పంటలు నేల మారిపోతాది. ఈడ ఊరికే నిలిపినాడు. ఆయప్ప దగ్గర అంతకంటే ఏముండాది ఇచ్చేకి?"

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిస్తిరా?"

ఆ సాయంత్రం పిల్ల గ్రౌండుకు రాలేదు. క్లాసుకు పోయి పిలిచాను. ఫారం చేతిలో పెట్టి, నాయన లేకపోతే అవ్వ వేలిముద్ర వేయించుకు రమ్మన్నాను. అంతవరకు ఎవరికీ సడలించని రూలును ఆమె కోసం సడలించాను కాబట్టి సంతోషిస్తుందనుకున్నాను.

"నేను ఆడను మేడం."

"ఎందుకు?"

"మా నాయన్ని చూసి నవ్వినారు."

"నేను నవ్వలేదు కదా."

"మీరు నవ్వలే. నవ్విచ్చినారు."

నీ ఇష్టం అన్నాను. రెండు రోజుల్లో తనే వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆమె బదులు ఇంకో పిల్లను తీసుకుపోయాను. ఆ పిల్లకు కూత సగంలోనే తెగిపోయింది.

వానలు పడ్డాయి. మంద నిలిపిన సగంలో మట్టి మెత్తబడింది. తవ్వి కలిపితే చేతికి పిండిలా వచ్చింది. ఆ సగంలో పడిన పిల్లలకు మోకాళ్ళు చీరుకోలేదు. టాస్ గెలిచిన జట్టు అటే కోరుకునేది, ఇప్పటికీ అటే కోరుకుంటుంది. నేను మాత్రం ఆ సగంలో అడుగు పెట్టి విజిల్ వేయను. ఎందుకని పిల్లలు అడిగారు. ఎండ అని చెప్పాను.

ఆమె పదో తరగతికి వచ్చింది. ఆ వయసు వాళ్ళ సెలక్షన్లకు అదే చివరి ఏడు. నాయన తిరిగి వచ్చాడని తెలిసి, ఊరి బయట ఆయన దొడ్డి దగ్గరికి పోయాను. కోపంగా ఉంటాడనుకున్నాను. నులకమంచం దులిపి వేశాడు.

"నేను యానాడూ వద్దనలే తల్లీ. పోయి ఆడుకోమనే చెప్తాండా. ఆయమ్మి ఇనదు. ఫారం ఉంటే ఇయ్యి, ఇప్పుడే పెడతా."

మోకాలి మీద పెట్టుకుని, నిదానంగా తన పేరు రాశాడు. ఒప్పించాల్సిన అవసరమే లేని తండ్రి ఆ బడి మొత్తానికి ఆయనొక్కడు. నా రూలు ఆయన్నే నాలుగు రోజులు నడిపించింది.

ఫారం చూపిస్తే పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఆ పొద్దు ఎవురెవురు ఉండారో వాళ్ళందరి ముందర, తప్పయిందని మా నాయనకు చెప్పండి. ఆడతా."

నేనైనా అదే అడిగేదాన్ని. నిజానికి జీవితమంతా అందరినీ అదే అడుగుతూ వచ్చాను. సరే అన్నాను. శనివారం ఆయన్ని రమ్మన్నాను. ఉతికిన చొక్కా వేసుకుని, ఈసారి ఒక్కడే వచ్చాడు. నాయనలందరూ ఉన్నారు. హెడ్మాస్టరు కుర్చీ వరండాలో వేయించుకుని పేపరు చదువుతున్నాడు. పిల్ల యూనిఫాం లోపల ఆట చొక్కా వేసుకుని వచ్చింది. మెడ దగ్గర నాకు కనబడింది. చెప్పులు విప్పి గీత పక్కన నిలబడింది.

నేను మధ్యలోకి పోయి నోరు తెరిచాను. హెడ్మాస్టరు పేపరు కిందికి దించాడు. అతని ముఖం చూశాను. ఈ మాట విని ఇతను ఎన్నేళ్ళు నవ్వుకుంటాడో లెక్కవేసుకున్నాను.

"ఈ రోజు నేల పని ఎలా చేయాలో ఈయన మనందరికీ చూపిస్తాడు" అన్నాను. చప్పట్లు కొట్టించాను కూడా.

ఆయన పొంగిపోయాడు. పార అందుకుని గట్ల గురించి, తేమ గురించి చెబుతూ తవ్వడం మొదలుపెట్టాడు. అది సరిపోతుందని, క్షమాపణ కంటే అదే పెద్ద మర్యాద అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్ల వైపు తిరిగాను. ఆమె ఇంకా నా నోటి వైపే చూస్తోంది. కొంచెంసేపు టైము ఇచ్చింది. తర్వాత వంగి చెప్పులు వేసుకుంది. నాయన దగ్గరికి పోయి ఆయన చేతిలోంచి పార తీసుకుని గోడకు ఆనించి, "పోదాం పా నాయనా" అంది. ఆయన నా వైపు అర్థం కానట్టు చూశాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆమె ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఇంటర్ చదువుతోంది. కబడ్డీ మళ్ళీ ఆడలేదట. పొద్దున బస్సులో ఒకటి రెండుసార్లు ఎదురైంది. లేచి నాకు సీటు ఇచ్చి, దిగేదాకా కిటికీ బయటికి చూస్తూ నిలబడింది. ఎలా మరచిపోకుండా ఉండాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇదంతా రాస్తే చాలామంది చదువుతారని, అప్పుడు అందరి ముందర చెప్పినట్టేనని ఒక టీచరు స్నేహితురాలు అంది. కాదు. ఆమె చెప్పమన్నది మీ ముందర కాదు. గోడ పక్కన కూర్చున్న ఆ నాయనల ముందర, వరండాలో ఆ కుర్చీ ముందర. వాళ్ళు ఇంకా ప్రతి శనివారం వస్తున్నారు. నేనూ విజిల్ మెడలో వేసుకుని వాళ్ళ ముందర నిలబడుతున్నాను. నోరు తెరుస్తున్నాను. గీతలు గీయమని చెబుతున్నాను.