ఓర్ఫా పట్టుబట్టి పెట్టించిన బోర్డు

ఓర్ఫా స్టైడమ్ కోపం వస్తే అరవదు. వంటింట్లోకి వెళ్లి పిండి పిసుకుతుంది. బిస్కట్లు రాళ్లలా వచ్చాయంటే ఆ రోజు ఆమెకి ఒళ్లు మండిందని పక్కింట్లో ఉండే నాకు అర్థమవుతుంది.

ఆ చలికాలం ఆమె భర్త డెల్మర్‌కి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు మా కొండదారి మలుపులో బురదలో కూరుకుపోయింది. ట్రాక్టరు కట్టి లాగేలోపు డెల్మర్ ప్రాణం పోయింది. ఆ దారికి రావలసిన కంకర అంతా మా కౌంటీని నడిపే కమిషనర్లలో ఒకడైన గ్రోవర్ పెల్ఫ్రీ బావమరిది వేట గుడిసెకి చేరిందని లారీ తోలినవాడే నాకు చెప్పాడు. నేను వెళ్లి ఓర్ఫాకి చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఆమె ఫిర్యాదు పెట్టింది. మా లారెల్‌ఫోర్క్ కౌంటీలో కమిషనర్ల మీద ఫిర్యాదు వస్తే విచారించేది ఆ కమిషనర్లే. గ్రోవర్ తనని తానే విచారించుకుని, తన తప్పేమీ లేదని తేల్చుకున్నాడు. పైగా బయటికొచ్చి ఓదార్పు ఒకటి.

"బాధలో ఉన్నావు ఓర్ఫా. ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలిగా. నన్నే తిట్టుకో, ఏమనుకోనులే."

"తిట్టను గ్రోవర్. నిన్ను నిలదీసే కుర్చీలు వేయిస్తా. వాటిల్లో నువ్వూ కూర్చోవు, నీ చుట్టాలూ కూర్చోరు."

అతను పగలబడి నవ్వాడు. ఓర్ఫా బడిలో వంట చేస్తుంది. అలాంటిది ఏం చేయగలదు అనుకున్నాడు. కానీ కౌంటీలో ఆమె చేతి అన్నం తినకుండా పెరిగిన పిల్లలు లేరు. ఆ పిల్లల తల్లుల దగ్గరికి, చర్చి చర్చికీ తిరిగి సంతకాలు పెట్టించింది. కమిషనర్ల మీద ఫిర్యాదులు విచారించడానికి వాళ్లకి సంబంధంలేని బోర్డు ఒకటి ఉండాలి, కౌంటీ కాంట్రాక్టులున్నవాళ్లు, కమిషనర్ల బంధువులు, వాళ్లతో పగలున్నవాళ్లు అందులో ఉండకూడదు. అదీ ఆమె కోరింది.

"పగలున్నవాళ్లంటే నువ్వు కూడా ఉండకూడదుగా?" అన్నాను.

"ఉండను. నేనుంటే ఆ వంక పట్టుకుని జారుకుంటాడు."

"నీకు కావలసింది న్యాయమా, పగా?"

"పగే. న్యాయం కావలసినవాళ్లు ఆ బోర్డుని తర్వాత వాడుకోమను."

చట్టం అడిగినన్ని సంతకాలు వచ్చాయి కాబట్టి, బోర్డు కావాలా వద్దా అని కౌంటీ జనం చేత ఓటింగ్ పెట్టించక తప్పలేదు. తేదీ పెట్టే హక్కు మాత్రం కమిషనర్లది. గ్రోవర్ తెలివిగా జింకల వేట మొదలయ్యే వారం పెట్టాడు. ఆ వారం మా కౌంటీలో బడికి కూడా సెలవే. జనం రారు, వ్యవహారం చప్పబడిపోతుందనుకున్నాడు. అడవికి పోయేది తనకి ఓటేసే మగవాళ్లేనన్న సంగతి ఆ బుర్రకి తట్టలేదు. ఓటింగ్ రోజు అతనే తుపాకీ పట్టుకుని చెట్టు మీద కూర్చున్నాడు. కింద ఊళ్లో ఆడవాళ్లందరం వరసలో నిలబడ్డాం. మా ఆయన తిరిగొచ్చి "అదేంటి, గెలిచేశారా?" అని నోరు తెరిచాడు. ఆయనకి జింక కూడా దొరకలేదు.

బోర్డు ఏర్పడగానే మొదటి ఫిర్యాదు ఓర్ఫాదే. విచారణకి ముందు గ్రోవర్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె వరండాకి వచ్చాడు. నేను అక్కడే చిక్కుళ్లు వలుస్తున్నాను. వెళ్లిపోమంటే వెళ్లేదాన్ని, ఎవరూ అనలేదు.

"వెనక్కి తీసుకో తల్లీ. డెల్మర్ శవపేటిక ఈ చేత్తోనే పట్టాను."

"పట్టావు. బతికుండగా మోసుకెళ్లడానికి వచ్చినవాళ్లని మాత్రం ఇంటిదాకా రానివ్వలేదు."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. నాకు జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు.

విచారణనాడు హాలు కిక్కిరిసింది. బోర్డు పెద్దావిడ, రిటైరైన నర్సు, ఒకటే ప్రశ్న అడిగింది. "ఆ కొండదారి కంకర ఎక్కడికి పోయింది?"

"మా బావమరిది గుడిసెకి" అన్నాడు గ్రోవర్ బల్లకేసి చూస్తూ, మెల్లగా.

ఓర్ఫా నా పక్కన, వెనక వరసలో ఉంది. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. ఆమె చెవులు నా చెవులకంటే చురుకు.

"వినపడలేదు" అంది లేచి నిలబడి. "మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు.