గుహ లెవెల్లో మా నాన్న

తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఏడో తరగతితోనే బడి మానేశాను. ఫోనులో వత్తులు ఎక్కడుంటాయో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటాను. నా చేతిరాత మీకు కనబడదు, అదొక్కటే నయం. ఇలా అందరూ చదివేచోట రాయడం ఇదే మొదలు...

మా చిన్నప్పుడు... సాలూరులో మా నాన్న లారీ డ్రైవరు. ఒకసారి రాయపూర్ ట్రిప్పు నుంచి వస్తూ టీవీకి తగిలించే ఆట పెట్టె తెచ్చాడు. క్యాసెట్ పెడితే తెర మీదికి గుండ్రటి జీవి ఒకటి వచ్చి కళ్ళు ఆర్పేది. ఒళ్ళంతా బొచ్చు, ఇంతింత చెవులు. కుందేలో ఎలకో మాకెవరికీ తెలియలేదు. చెల్లి దానికి బొచ్చుగాడని పేరు పెట్టింది. గోతులు గెంతుకుంటూ, పళ్ళు తింటూ వాడు వాళ్ళమ్మ దగ్గరికి చేరాలి... అదే ఆట.

నాన్న ఇంట్లో ఉన్న రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరం టీవీ ముందు చేరేవాళ్ళం. ఆయన ఆట చూసి తీరాలి! ఎదురుగా ముళ్ళపురుగు వస్తుంటే బొచ్చుగాణ్ణి ఒక పక్కకి తీసి ఆపేసేవాడు.

"నాన్నా, ఆగిపోయావేటి? గెంతు!" అని మేమిద్దరం అరిచేవాళ్ళం.

"ఎదరోడికి సైడివ్వాలి కదే. ఆణ్ణి ఎల్లనీ."

"ఆడు లారీ కాదు నాన్నా, ముట్టుకుంటే సచ్చిపోతాం!"

"లోడు బండి గెంతుతాదేటే?" అంటూనే చచ్చిపోయేవాడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "ఈ మనిషికి లారీ నైసెన్సు ఎవులిచ్చారో!" అనేది. చెల్లి నవ్వలేక కింద పడి దొర్లేది.

ఆ తర్వాత గుహ లెవెల్ వచ్చింది. తెరంతా ముదురు నీలం, మధ్య మధ్య నల్లటి గోతులు. మాకు గోతుల అంచులు బాగానే కనిపించేవి. నాన్న మాత్రం మొదటి గోతిలోనే నేరుగా నడిచి పడిపోయాడు. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ అక్కడే...

"గొయ్యి నాన్నా, గొయ్యి!"

"ఏదే గొయ్యి?"

మేం నవ్వుతున్నాం. అమ్మ నవ్వలేదు. చేటలో ఆమె చెయ్యి ఆగిపోయింది. టీవీ వైపు కాదు, నాన్న మొహం వైపు చూస్తోంది.

ఆ సాయంత్రమే ట్రిప్పు. బండి ఎక్కబోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. లారీల మీద బతికే ఇళ్ళలో ఇది పిల్లలకి మాటలతో పాటే నేర్పుతారు. ఎప్పుడొస్తావని కూడా అడగం. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళాడు.

"మావా!"

అమ్మ పిలిచింది. గట్టిగా... వీధి వీధంతా తిరిగి చూసింది. ఎదురింటి అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వెనక పిలుపు పడితే ఇంట్లోకి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. నాన్న వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అమ్మ గ్లాసు అందించింది కానీ వదల్లేదు.

"సీకట్లో నీకు అగుపడట్లేదు కదా?"

"ఎవులు సెప్పారే ఆ మాట?"

"బొచ్చుగాడు సెప్పాడు."

నాన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తల దించుకుని మెల్లగా అన్నాడు: "ఎదర బండి లైట్లు సూసి నడిపేస్తన్నానే... లైటు లేని సైకిలు ఎదరొస్తే ఇంక దేవుడే."

ఆ రోజు బండి వేరే డ్రైవరుతో వెళ్ళింది. తర్వాత ఎప్పుడూ నాన్నతో వెళ్ళలేదు.

విజయనగరంలో కంటి డాక్టరుకి చూపించాం. కంటి వెనక పొర ఎండిపోతోందట. మందు లేదు, ఆపరేషన్ లేదు, మెల్లగా మొత్తం పోతుందన్నాడు. విశాఖలోనూ అదే మాట. అమ్మ టిఫిను కొట్టులో పిండి రుబ్బడానికి వెళ్ళింది. ఇంట్లో నాన్నకి ఒక మనిషి కావాలి కాబట్టి నేను బడి మానేశాను. టీవీ అమ్మేశాం. ఆట పెట్టెని ఎవరూ కొనలేదు.

డాక్టరు చెప్పినట్టే అయింది... మెల్లగా మొత్తం పోయింది.

ఇప్పుడు మా ఆయన ఫోనులో అలాంటి ఆటలు ఎన్నో. మా అత్తవారింట్లో ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్ళవి. ఒకడు గోతిలో పడబోతుంటే ఇల్లంతా కలిసి అరవడం ఇప్పుడు ఎక్కడుంది? మీ ఇళ్ళలో మీ నాన్నలు మీతో ఏ ఆట ఆడేవారు? ఎంత బాగా ఓడిపోయేవారు? కింద రాయండి... నేను పైకి ఏమీ అనకపోయినా అన్నీ చదువుకుంటాను.

కాన్పయ్యాక మొన్న పుట్టింటికి వెళ్ళాను. మనిషిని బాగా ఒళ్ళు చేశాను, పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. నాన్న నా గొంతు వచ్చిన వైపు తిరిగి, "ఏటే, అలాగ సిక్కిపోయావు?" అన్నాడు. అమ్మ నన్ను చూసింది. "అవును నాన్నా, సరిగ్గా తిండి పడట్లేదు" అన్నాను.

ఒక్క మనవి. ఇది చదివి ఇక్కడే వదిలేయండి, ఎవరికీ పంపకండి. రెండు రోజుల్లో నేనే తీసేస్తాను. సాలూరు వాళ్ళెవరైనా చదివితే, మా నాన్నకి మాత్రం వినిపించకండి. తనకి ఇంకా కొంచెం కనిపిస్తోందని మేం నమ్ముతున్నామనే ఆయన అనుకుంటున్నాడు.