ఆరో బుట్టకి కట్టిన వైరు

డిస్క్ గోల్ఫ్ అంటే మన వైపు ఎవరికీ తెలియదు. నాకూ అబూధాబీ వచ్చాకే తెలిసింది. చిన్న పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్క్‌ని దూరం నుంచి విసిరి, ఇనప స్తంభానికి బిగించిన బుట్టలో వేయాలి. అన్ని బుట్టలూ తక్కువ విసుర్లలో పూర్తి చేసినవాళ్ళు గెలిచినట్టు. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ వాటికి తగిలి, ఊపు చచ్చి, బుట్టలో పడుతుంది. గొలుసులు సరిగ్గా ఉంటే పడుతుంది అనాలి.

మేం ఆడిన కోర్సు ఊరి చివర ఒక పబ్లిక్ పార్కులో ఉండేది. ఎవరో ఉత్సాహంగా మొదలుపెట్టి తర్వాత మర్చిపోయినట్టున్నారు. తొమ్మిది బుట్టల్లో రెండు పక్కకి ఒరిగిపోయాయి. నంబరు బోర్డులు ఎండకి తెల్లబడిపోయి, మూడో బుట్ట ఎటుందో కొత్తవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. నాలుగో బుట్ట దగ్గర నీళ్ళ పైపు పగిలి ఎప్పుడు చూసినా బురదే. ఎడారికొచ్చి బురద తొక్కే భాగ్యం మాకే దక్కిందని నవ్వుకునేవాళ్ళం. ఆరో బుట్టకి సగం గొలుసులు తెగిపోయాయి. దాని వెనక ముళ్ళతుమ్మ పొదలు.

అది 2016 చలికాలం. అప్పట్లో సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున ఆఫీసు వాళ్ళం ఆరుగురం వెళ్ళేవాళ్ళం. అందులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఈ ఆట మాకు అంటించింది మా ముదీర్, అంటే మేనేజరు, కెనడా మనిషి. నేను కాకినాడ దాన్ని, ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్‌ని. నాకు ఓడిపోవడం చేతకాదు. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో ఓడిపోతే గవ్వలు వీధిలోకి విసిరేసేదాన్నని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందుకని శనివారం ఒక్కదాన్నే వెళ్ళి చేయి సాధకం చేసుకునేదాన్ని.

అలా ఒక శనివారం నా డిస్క్ ఆరో బుట్ట వెనక తుమ్మల్లోకి దూరిపోయింది. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే పొదల్లో వెతుకుతున్నాను. పార్కులో చెట్లకి నీళ్ళు పెట్టే అతను పైపు కింద పడేసి వచ్చాడు.

"అక్కా, తెలుగోళ్ళా మీరు? ఆగుండ్రి, ముండ్లు గుచ్చుకుంటయ్. నేను తీస్త."

జగిత్యాల దగ్గరి ఊరట. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఈ పార్కుకి రాకముందు ముసఫ్ఫాలో సైట్ల మీద ఇనప చువ్వలు కట్టేవాడు. ఏళ్ళ తరబడి వంగి కట్టీ కట్టీ నడుం పోయింది. సూపర్‌వైజర్ని బతిమాలి బతిమాలి ఈ పని సంపాదించుకున్నాడు. నీడ ఉంది, నీళ్ళున్నాయి, నడుం పట్టేస్తే కాసేపు ఒరగడానికి గడ్డి ఉంది.

"గీడ మంచిగున్న అక్కా. ఒక్క కంప్లెయింట్ రావద్దు, గంతే. కంప్లెయింట్ అచ్చిందంటె అల్ ఐన్ రోడ్డు మీద చెట్ల పనికి ఏస్తరు. ఆ ఎండల దినమంత గుంతలు తవ్వుడు ఈ నడుంతోని నాతోని కాదు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం మాట్లాడుకునేవాళ్ళం. నేను విసురుతుంటే డిస్క్ ఎక్కడ పడిందో చూసి చెప్పేవాడు. అతని మాటల్లో నాకు అర్థం కానివి, నా మాటల్లో అతనికి నవ్వొచ్చేవి చాలా ఉండేవి. నేను "ఏటి" అన్నప్పుడల్లా నవ్వేవాడు.

శుక్రవారం మాత్రం అతనెవరో నాకు తెలియదు. ఇది నోటితో చెప్పిన ఒప్పందం కాదు. మొదటి శుక్రవారం అతను దూరం నుంచి "అక్కా" అనబోతే నేను చూపు తిప్పుకుని, "భయ్యా, పానీ బంద్ కరో ఇధర్" అన్నాను. అతను "జీ మేడం" అని పైపు కట్టేశాడు. ఇక ఎప్పుడూ పొరపాటు పడలేదు.

ఎందుకలా చేశానంటే, చెప్పడానికి ఇప్పుడు కూడా నోరు రావడం లేదు. మా సైట్లలో లేబర్ సగం మంది తెలంగాణ వాళ్ళే. ఏ గొడవొచ్చినా ఆఫీసులో అందరూ నా వైపు తిరిగి, మీవాళ్ళే కదా, ఏమంటున్నారో కనుక్కో అనేవారు. ఆ "మీవాళ్ళు" అన్న మాటకి ఒళ్ళు మండేది. చదువుకుని, ఆఫీసు వీసా మీద, విమానంలో కిటికీ పక్క సీటడిగి మరీ వచ్చినదాన్ని. నన్ను వాళ్ళతో కలిపేస్తున్నారని ఉక్రోషం. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు.

జనవరిలో ఆరో బుట్టకి మిగిలిన గొలుసులు కూడా ఊడిపోయాయి. ఎవరూ వచ్చి చూడలేదు. ఒక శనివారం నేను వెళ్ళేసరికి అతనే బైండింగ్ వైరు తెచ్చి, కింద పడ్డ గొలుసుల్ని ఏరి స్తంభానికి కడుతున్నాడు. చువ్వలు కట్టిన చేయి కదా, ఒక్క మెలికలో బిగించేస్తున్నాడు. "నీకు ఏ పనైనా చేతనవును" అని మెచ్చుకున్నాను. అతని ముఖం వెలిగిపోయింది. ఇంకో నాలుగు మెలికలు ఎక్కువే తిప్పాడు.

తర్వాతి శుక్రవారం ఆఫీసు పోటీ. ఆరో బుట్ట దాకా నేనే ముందున్నాను. అక్కడ నేను విసిరిన డిస్క్ సరిగ్గా ఆ వైరు ముడికి తగిలి వెనక్కి ఎగిరి తుమ్మల్లో పడింది. ఒక్క విసురు తేడాతో మా డ్రాయింగుల కుర్రాడి చేతిలో ఓడిపోయాను. ముదీర్ ఆ ముడి చూసి నవ్వి, "చేతిపని బాగుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి, స్నానం కూడా చేయకుండా, పార్కు వాళ్ళకి కంప్లెయింట్ రాశాను. ఆటలో తీసుకున్న ఆ ముడి ఫొటో జతచేశాను. తెలిసీ తెలియని పనివాళ్ళు ఆట సామాన్ల మీద చేయి పెడుతున్నారనీ, వైరు కొస గుచ్చుకుని పిల్లలకి ప్రమాదమనీ రాశాను. ఆ వైరు ఎవరు కట్టారో నాకు తెలుసు. కోపంలో గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే పంపించాను.

ఆ తర్వాతి శుక్రవారం మేం ఆరో బుట్ట దగ్గరికి చేరేసరికి సూపర్‌వైజర్ పికప్ వేసుకుని వచ్చి ఉన్నాడు. ఫోన్లో నేను పంపిన ఫొటో చూపిస్తూ అతన్ని నిలబెట్టి, దాని మీద చేయి పెట్టమని ఎవరు చెప్పారని అరుస్తున్నాడు. "కిస్‌నే బోలా హాథ్ లగానే కో?" అతను ఏదో చెప్పబోతే వినడం లేదు. అప్పుడు అతను నన్ను చూశాడు. ఇన్నాళ్ళుగా శుక్రవారం పాటించిన మర్యాద ఆ కంగారులో మర్చిపోయాడు.

"అక్కా, జర మీరన్న చెప్పుండ్రి. ఎవ్వరు రాకపోతె నేనే కట్టిన గదా. మీరు చూసిన్రు గదా. మంచిగ కట్టినవన్నరు గదా."

అందరూ నా వైపు తిరిగారు. "ఇతను నీకు తెలుసా? ఏమంటున్నాడు?" అని ముదీర్ అడిగాడు.

నేను ఇంగ్లీషులో, స్పష్టంగా, "తెలియదు. అతని భాష నాకు అర్థం కావడం లేదు" అన్నాను.

అతనికి ఇంగ్లీషు రాదు. కానీ తల అడ్డంగా ఊపాను కదా, అది అర్థమైంది. సూపర్‌వైజర్ వెంట పికప్ ఎక్కాడు. ఎక్కేటప్పుడు నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. మేం ఏడో బుట్టకి నడిచాం. ఆ రోజు నేను గెలిచాను.

వైరు తీసేశారు. కొత్త గొలుసులు రాలేదు. తర్వాతి శనివారం వేరే అతను నీళ్ళు పెడుతున్నాడు. ముందున్నతను ఏమయ్యాడని అడిగితే, అల్ ఐన్ రోడ్డు మీదికి పంపారన్నాడు. కంప్లెయింట్ తప్పని మళ్ళీ రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. నేనే రాసి నేనే తప్పంటే ఏమనుకుంటారోనని రాయలేదు. అదీ నా బతుకు.

మే నెలలో ఒకరోజు ఉండబట్టలేక కారు తీసి ఆ రోడ్డున పడ్డాను. చాలా దూరం వెళ్ళాక, రోడ్డు పక్క మొక్కలకి గుంతలు తవ్వుతున్న మనుషులు కనిపించారు. ముఖాలకి గుడ్డలు చుట్టుకున్నారు. నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేవబోతున్న పద్ధతి చూసి గుర్తుపట్టాను. కారు ఆపి దగ్గరికి వెళ్ళాను.

"తప్పయిపోయింది. నడుం ఎలా ఉంది?" అని తెలుగులోనే అడిగాను.

అతను ముఖం మీది గుడ్డ తీయలేదు. నా వైపు చూశాడు, నా వెనకున్న కారు వైపు చూశాడు. పక్కనున్నతను పార ఆపి, నా వైపు తల ఎగరేసి, తెలుసా అన్నట్టు "జాన్‌తా హై క్యా?" అని అడిగాడు.

"నహీ," అన్నాడతను. "రాస్తా పూఛ్ రహీ హై."

అని, నేను నిజంగా దారి అడిగినట్టే, చెయ్యి ఎత్తి అల్ ఐన్ వైపు చూపించాడు. తక్కినవాళ్ళు కూడా అటే చూపించారు. నేను వెనక్కి, ఇంటికి వెళ్ళాల్సినదాన్ని. అందరూ చూస్తున్నారు కదా, "షుక్రియా" అన్నాను. కారెక్కి, వాళ్ళు కనపడనంత దూరం అటే వెళ్ళాను.