బాతులు బతికిన ఏడాది

కొక్కెర తెగులు తగిలి మా పెరట్లో పన్నెండు కోళ్లు మూడు రోజుల్లో పోయాయి. పక్క క్వార్టర్‌లోని బాతులు మాత్రం అదే మురుగుకాలవలో తలలు ముంచుకుంటూ దర్జాగా తిరిగాయి. ఎనభైల్లో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సంగతి ఇది. నాకప్పుడు పదేళ్లు.

బాతులు ఒక ఫిట్టర్ భార్యవి. భర్త పోతే ఆయన బదులు ఆమెకు రైలింజన్ల షెడ్‌లో ఉద్యోగమిచ్చారు. ఆమెదీ మా విజయనగరం వైపే. అమ్మను అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. నేను పిన్నీ అనేదాన్ని.

మావాళ్లలో తెగులొస్తే దాన్ని పొలిమేర దాటించేస్తారు. చాటలో పసుపన్నం, వేపమండ, ఒక గుడ్డు పెట్టి అవతలి ఊరి హద్దులో వదిలి, వెనక్కి చూడకుండా వస్తారు. అవతలి ఊరివాళ్ల గతేమిటని ఎవరూ అడగరు. క్వార్టర్లకు పొలిమేర ఎక్కడిది? మా అమ్మకు పిన్ని కంచె కనిపించింది. మిట్టమధ్యాహ్నం చాట అక్కడ పెట్టి వచ్చింది. బాతులకేమీ కాలేదు. మాకు మిగిలిన రెండు పెట్టలూ మర్నాడు చచ్చాయి.

కుళాయి దగ్గర అమ్మ నోరు ఊరుకోలేదు. "నానంపిన తెగులు నాకే తిప్పీసింది. దానికేటో వొచ్చు."

విన్నవాళ్లు దానికి అక్కడి పేరు పెట్టారు: టోన్హీ. అంటే మంత్రగత్తె. ఆ మాట పడ్డ ఆడదాని బతుకు అక్కడితో సరి. పిన్ని దగ్గర గుడ్లు కొనడం మానేశారు. ఆమె వస్తుంటే పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. నేనూ దాక్కున్నాను. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

ఒకరోజు పిన్ని మా గుమ్మంలోకి వచ్చింది. "అప్పా, నా బాతులెందుకు సావలేదో నాకేటి తెలుసు? అయ్యి కూడా సస్తే బాగుణ్ణు."

అమ్మ తలుపేసేసింది. ఆ నెలలోనే పిన్ని కాలనీ వదిలి, అదే ఊళ్లో తోర్వా అనే పేటలో గది తీసుకుని వెళ్లిపోయింది.

నేను జువాలజీ చదివి పాఠాలు చెప్పుకుంటూ ఉండగా, చాలా ఏళ్లకు ఒక సైన్స్ పత్రికలో కారణం నా కంటపడింది. వైరస్ ఒంట్లో చొరబడగానే పసిగట్టే జన్యువొకటి ఉంది. కప్ప నుంచి మనిషి దాకా నేల మీది జీవాలకు ఇలాంటివన్నీ పూర్వీకుల ఆస్తే, కాకపోతే పంపకాల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకున్నారు. ఈ జన్యువు బాతుకు మిగిలింది. కోడి వంశం ఏనాడో పోగొట్టుకుంది. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారమే అమ్మను స్కూటర్ ఎక్కించుకుని తోర్వా వెళ్లాను. పిన్ని జుట్టు తెల్లబడింది. మంచం వాల్చి కూర్చోబెట్టింది. నేను పాఠం చెప్పినట్టే అంతా చెప్పాను. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పు నాదేనే" అంది.

"అచ్ఛా," అంది పిన్ని. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నావైపు తిరిగింది. "నాకెందుకు సెప్తున్నావమ్మా? నాను మంత్రగత్తిని కాదని నాకు తెల్దేటి? ఆళ్లకి సెప్పు."

కాలనీలోని ఆ 'వాళ్లు' ఎప్పుడో రిటైరై, తలో ఊరూ వెళ్లిపోయారు. టోన్హీ అన్న ఆ మాటను కూడా వెంట తీసుకుపోయారు.